మస్తాన్ మాస్టారి కవరు బొమ్మలు

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయికి బడిలో ఏదో కాగితం బొమ్మ చేసుకు రమ్మన్నారని, ఇంట్లో గమ్ము సీసా ఎండిపోయిందని, పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి మైదా జిగురు ఉడకబెట్టాను. పిండి చిక్కబడి, బుడగలు వచ్చి, ఆ పచ్చి వాసన వంటింటి నిండా కమ్ముకునేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది. "అమ్మా, అడుగంటుతోంది" అని మా అమ్మాయి వచ్చి పొయ్యి కట్టేస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. దానికేం తెలుసు. ఖాకీ కవరుకు కళ్ళూ ముక్కూ అతికించి, లోపల చెయ్యి దూర్చి మాట్లాడించాలని వాళ్ళ మిస్సు చెప్పింది. దానికది హోంవర్కు. నాకు మాత్రం ఆ వాసన మస్తాన్ మాస్టారు. ఆయన గురించి ఎవరికైనా చెబుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. మంచి మాస్టారు అని ఒక్క ముక్కలో చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ మంచితనమే ఒక పిల్ల కొంప ముంచింది. ఆయన్ని ఎరగనివాళ్ళకు రెండూ కలిపి చెప్పకపోతే చెప్పినట్టే కాదు.

తొంభైల చివర సంగతి. డిగ్రీ అయి, బీఈడీ సీటు రాక, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ కూర్చున్న నాకు విద్యా వాలంటీరు ఉద్యోగం దొరికింది. చిలకలూరిపేటకు అవతల, నల్లరేగడి పొలాల మధ్య ఒక పల్లె. బస్సు దిగాక మట్టిరోడ్డున నడవాలి. వాన పడిందంటే చెప్పులు చేతిలోకీ, రేగడి కాళ్ళకీ వచ్చేవి. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒకే ఒక మాస్టారు. పేరు మస్తాన్‌వలి. బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. వాళ్ళ నాన్న భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడట. ఏకటం వాళ్ళింటి వృత్తే అయినా మాస్టారు మాత్రం ఒక్క పిల్లాణ్ణి కూడా ఏకి ఎరగరు. ఆ పని నేను చేసేదాన్ని. నాకు అప్పుడూ ఇప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కోపం.

ఆయన భార్య ఖాసింబీ గారు పాత పేపర్లతో కవర్లు అంటించి పేటలో కిరాణా కొట్లకు వేసేది. కొట్లకు వేసే కవర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. బడిపిల్లలు వేళ్ళు నాకుతారని, మాస్టారి కోసం అది వేయకుండా వేరే గిన్నెలో ఉడకబెట్టి ఇచ్చేది. శనివారం వస్తే చాలు, మాస్టారు సైకిలు మీద కవర్ల కట్టా, జిగురు డబ్బా పెట్టుకుని దిగేవారు. "కవరు అడుగున మడత ఉంటుంది చూడండ్రా, అదే దీని నోరు. నాలుగువేళ్ళూ పైన, బొటనవేలు కింద. మూయండి, తెరవండి" అనేవారు. బొగ్గుతో కనుబొమలు, పసుపుతో బుగ్గలు, చేలో ఏరుకొచ్చిన పత్తితో జుట్టు, ఎండు మిరపకాయతో నాలుక. మిరపకాయ నాలుక పెట్టుకున్న బొమ్మ పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్ముతూనే ఉండేవారు. పేపరు కవర్లు కదా, ఒక బొమ్మ నుదుటి మీద 'స్థలము అమ్మబడును' అని ఉండేది, ఇంకోదాని గడ్డం మీద ఎవరిదో పెళ్ళి ఫొటో. నాకు ఒళ్ళు మండేది. పిల్లలకు ఎక్కాలు రావు, గుణింతాలు రావు, ఈయనేమో జిగురు పూస్తూ కూర్చుంటాడు అని.

"ఇదేం పిల్లాటండీ మాస్టారూ, తనిఖీకి వస్తే ఏం చూపిస్తాం?" అని ఒకసారి అడిగేశాను.

"ఇవే చూపిద్దాం. వాళ్ళకీ ఒక కవరిద్దాం, చేసుకుంటారు" అన్నారు తాపీగా.

ఆ శనివారమే ఏసోబు అనే నాలుగో తరగతి పిల్లాడు తన బొమ్మకు చెయ్యి తొడిగి, నన్ను చూడనట్టే, పక్కవాడి బొమ్మతో కబుర్లు మొదలుపెట్టాడు. "ఒరేయ్, కొత్త టీచర్ ఉందే, నిన్న నా చెవి పట్టుకు మెలేసింది. పన్నెండో ఎక్కం చెవిలోంచి వస్తదా అసలు?" పిల్లలు పగలబడి నవ్వారు. నేను లేచి వాడి మీదికి వెళ్ళాను. మాస్టారు అడ్డం వచ్చి, "వాడు కాదమ్మా, బొమ్మ అంది. బొమ్మనెట్లా కొడతావు?" అన్నారు. పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్ళిపోయాక నన్ను కూర్చోబెట్టి చెప్పారు. పిల్లలు బొమ్మ చేత మాట్లాడిస్తున్నప్పుడు బొమ్మ మొహంలోకి చూడాలి గానీ పిల్లల మొహంలోకి చూడకూడదట. చూస్తే నోరు మూతబడిపోతుందట. ఇంకోటి, బొమ్మ చెప్పింది బొమ్మ దగ్గరే ఉండాలి. అమ్మానాన్నలకు గానీ, ఊళ్ళోవాళ్ళకు గానీ దాటనివ్వకూడదు. "వీళ్ళకి ఇంట్లో మాట్లాడే వేళెక్కడుందమ్మా? పొద్దున లేస్తే చేలోకి పోతారు అందరూ. ఈ కవరైనా వింటదనుకోనీ" అన్నారు. ఆ తర్వాత ఏసోబు చెవి నేను ముట్టుకోలేదు. వాడికి పన్నెండో ఎక్కం కూడా వచ్చింది, ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

ఆ బడిలోనే మూడో తరగతిలో కోటేశ్వరి ఉండేది. అందరూ కోటి అనేవాళ్ళు. నల్లగా, చురుగ్గా, నిమిషం నోరు మూయకుండా ఉండేది. వాళ్ళ నాన్న సాంబయ్య కౌలుకు చేను తీసుకుని పత్తి వేసేవాడు. అమ్మ ఆదిలక్ష్మి ఆ చేనే కాక కూలికి కూడా పోయేది. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఆ ఊళ్ళో పిల్లలకు ఒక పని ఉంటుంది. పెద్దవాళ్ళు పంపు వీపుకు తగిలించుకుని సాళ్ళలో తిరుగుతుంటే, మందు కలపటానికి కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి గట్టున డ్రమ్ములో పోయటం. ఇంటింటా పిల్లలు చేసే పనే అది. సాంబయ్య ఎప్పుడైనా బడి ముందు నుంచి పోతూ ఆగి, "మా కోటి నీళ్ళు మోస్తే చుక్క తొణకదు మాస్టారూ" అని చెప్పుకునేవాడు. ఆ పిల్ల సిగ్గుపడి పలక వెనక మొహం దాచుకునేది.

నేను చేరిన ఏడే పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదు. వారం వారం కొట్టారు, తర్వాత రోజు మార్చి రోజు కొట్టారు. ఒక మందు పని చేయకపోతే రెండు కలిపి కొట్టారు. బడి కిటికీలోంచి వచ్చే గాలికి గొంతులు పట్టుకుపోయేవి. తరగతిలో సగంమంది ఉండేవాళ్ళు కాదు, నీళ్ళు మోయటానికి పోయేవాళ్ళు. ఊళ్ళో మగవాళ్ళు రచ్చబండ దగ్గర కూడా మాట్లాడుకోవటం మానేశారు. కార్తీకమాసంలో ఒక రోజు కోటి కొంచెం ఆలస్యంగా బడికి వచ్చి తన చోట కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టే వేళకు కబురొచ్చింది. సాంబయ్య చేలో గట్టు మీద పడి ఉన్నాడు, పురుగుమందు తాగాడు, ప్రాణం లేదు. ఎవరో వచ్చి కోటిని రెక్క పట్టుకుని తీసుకుపోయారు. ఇంటి దగ్గర్నుంచే బడికి వచ్చిందనుకున్నాం అందరం. ఆదిలక్ష్మి తెల్లారకముందే పక్కూరు మిరపతోటలో కూలికి పోయి ఉంది కాబట్టి ఆమెకూ వేరే తెలియదు.

పెద్దకర్మ అయ్యాక కోటి మళ్ళీ బడికి వచ్చింది. కానీ పెదవి విప్పలేదు. మొదట్లో బెంగ అనుకున్నాం. రోజులు గడిచిపోయాయి, సంక్రాంతి సెలవులు వచ్చి పోయాయి, ఆ పిల్ల నోట మాట లేదు. ఇంట్లోనూ అంతేనట. ఆదిలక్ష్మి గుళ్ళో తాయెత్తు కట్టించింది, దర్గాలో నీళ్ళు ఊదించింది, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించింది. "మొగుడు పోయాడు, పిల్లకి మాట పోయింది, ఇంక నాకేముంది టీచర్" అని వరండాలో కూలబడి ఏడ్చింది ఒకరోజు. అంత వాగుడుకాయ పలక మీద గీతలు గీస్తూ, చెరుపుతూ కూర్చునేది.

మాస్టారు ఏమీ అడగలేదు. శనివారం శనివారం అందరితో పాటు దానికీ ఒక కవరు ఇచ్చారు. కోటి బొమ్మ చేసింది. చక్కగా కళ్ళు పెట్టింది, జుట్టు పెట్టింది. ఆఖర్న అడుగు మడత కింద జిగురు పూసి, ఎత్తటానికి వీల్లేకుండా గట్టిగా అదిమి అంటించేసింది. నేను గబుక్కున నోరు తెరవబోతే మాస్టారు కళ్ళతోనే వద్దన్నారు. పై వారం ఇంకో కవరు ఇచ్చారు. దాని మూతీ అంటించేసింది. అట్లా ఎన్ని చేసిందో. వాటన్నిటినీ మాస్టారు పారేయకుండా కిటికీ గూట్లో వరసగా నిలబెట్టారు. అన్నీ చక్కటి మొహాలే. ఒక్కదానికీ నోరు రాదు. నేను ఆ కిటికీ వైపు తిరిగి పాఠం చెప్పలేకపోయేదాన్ని.

శివరాత్రి దాటాక ఒక శనివారం పిల్లలంతా బయట ఆడుకుంటున్నారు. గదిలో నేనూ, మాస్టారూ, కోటి. మాస్టారు తన బొమ్మకు, పత్తిగడ్డం పెట్టిన తాత బొమ్మకు, చెయ్యి తొడిగి ఊరికే దాంతో గోడ మీద ఈగలు తోలుతున్నారు. కోటి లేచి గూట్లోంచి ఒక బొమ్మ తీసింది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత అంటించిన మడత కింద గోరు పెట్టి పర్రున చింపింది. చెయ్యి తొడిగింది. మాస్టారు దాని మొహంలోకి చూడలేదు, బొమ్మ వైపే తిరిగి, "ఏమ్మా, ఎవరి పాపవి?" అన్నారు తాత గొంతుతో.

ఆ చిరిగిన నోరు తెరుచుకుంది, మూసుకుంది. "నీళ్ళు" అంది. గొంతు బొంగురుపోయి ఉంది.

"మంచినీళ్ళు కావాలా?"

"కాదు. నీళ్ళు తెచ్చా. నాన్న బిందెడు నీళ్ళు తెమ్మంటే తెచ్చా. పంపు తేలేదు నాన్న. పంపు ఏది నాన్నా అంటే, తర్వాత తెస్తాలే, నువ్వు బడికి పో, ఆలస్యమవుద్ది అన్నాడు. పోయా. నేను నీళ్ళు తేకపోతే మందు కలుపుకోలేడుగా."

"రోజూ తెచ్చినట్టే తెచ్చావమ్మా. చేనుకని తెచ్చావు. నాన్న చెప్పిన పని చేశావు. ఇందులో నీది ఏమీ లేదు" అంది తాత బొమ్మ. కోటి బొమ్మ, "పంపు లేదని ఎవరికన్నా చెప్పాల్సింది" అంది. తాత బొమ్మే, దగ్గరికి జరిగి, దాని తలకు తల ఆనించింది. నేను వరండాలోకి వచ్చేసి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ మర్నాటి నుంచి కోటి ఒక్కో మాట మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు బొమ్మతోనే, తర్వాత ఏసోబుతో, తర్వాత నాతో. "టీచర్, మీ జడ ఊడిపోయింది" అంది ఒకరోజు. నా జన్మలో ఎవరు మెచ్చుకున్నా అంత సంతోషపడలేదు. బస్సు దిగి బడిదాకా పరుగెత్తినంత పని చేసేదాన్ని. ఇంట్లో కూడా ఉలుకూ పలుకూ వచ్చిందని ఆదిలక్ష్మి వచ్చి మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. కథ అక్కడ ఆగిపోయి ఉంటే నేను ఇవాళ ఆయన్ని దేవుడని రాసి ఉండేదాన్ని.

మాస్టారికి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల పగలు మాట్లాడుతోంది గానీ, మధ్యలో ఉన్నట్టుండి చేతులు చూసుకుంటోందని ఆయన కనిపెట్టారు. "నేను చెబితే కవరు చెప్పినట్టే అమ్మాయ్. నీ తప్పు లేదమ్మా అని వాళ్ళమ్మ నోటితో చెప్పాలి. అప్పుడు గానీ దానికి తీరదు" అన్నారు.

"బొమ్మ చెప్పింది బొమ్మ దగ్గరే ఉండాలని మీరేగా అన్నారు" అన్నాను.

"అది ఆట వరకమ్మా. ఇది ఆట కాదుగా."

ఆయన అన్నదాంట్లో తప్పు నాకూ కనపడలేదు. తల్లి కాక ఇంకెవరు చెప్పాలి? ఆ సాయంత్రం ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఆదిలక్ష్మి వాకిట్లో కూర్చుని చేట నిండా పత్తి పోసుకుని పురుగు తిన్నది వేరు చేస్తోంది. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. మంచం వాల్చింది. "కోటీ, మాస్టారికీ టీచర్‌కీ మంచినీళ్ళు తీసుకురామ్మా" అని లోపలికి కేకేసింది. కోటి రెండు గ్లాసులు తెచ్చింది. నిజంగానే చుక్క తొణకలేదు. మేం తాగి ఇచ్చాం, అది గ్లాసులు పట్టుకుని లోపలికి పోయింది. మాస్టారు గొంతు తగ్గించి, ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పారు. పిల్ల మనసులో ఇది పెట్టుకుని కుమిలిపోతోందని, దగ్గరికి తీసుకుని ఒక్క మాట చెప్పమని.

ఆదిలక్ష్మి చేతిలో పత్తి అట్లాగే ఉండిపోయింది. "నీళ్ళు ఇదా తెచ్చింది?" అంది.

"దానికేం తెలుసమ్మా, రోజూ మోసినట్టే..."

"ఆయన మోకాలు వాచి ఉంది ఆ రోజు. కాలవలోకి దిగలేడు. అక్కడిదాకా ఎట్లా పోయాడా, నీళ్ళెట్లా తెచ్చుకున్నాడా అని ఇన్నాళ్ళూ ఏడుస్తన్నా" అంది, మాకు కాదు, తనలో తను. తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది. గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపు విని కోటి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళమ్మ ఏడుస్తుంటే ఆ పిల్ల ఎప్పుడూ ఏం చేసేదో అదే చేసింది. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టబోయింది. ఆదిలక్ష్మి పాము కనపడినట్టు వెనక్కి జరిగి, చేత్తో ఆ గ్లాసు విసిరికొట్టింది. "తేకు. నువ్వు నా దగ్గరికి నీళ్ళు తేకు" అంది.

గ్లాసు దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఆగింది. కోటి చేతులు గ్లాసు పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయాయి. ఆ నిమిషం నేను చచ్చిపోయేదాకా మరిచిపోను.

ఆదిలక్ష్మి చెడ్డది కాదు. ఆ సంగతి నేను ఎవరితోనైనా ఒట్టేసి చెబుతాను. రెండు రోజుల తర్వాత తనే బడికి వచ్చి మాస్టారి ముందు నేల మీద కూర్చుంది. "దాని తప్పేం లేదని నాకు తెలుసు మాస్టారూ. నా కూతురేగా. కానీ అది చెంబు పట్టుకుంటే నా ఒళ్ళు వణికిపోతంది. అన్నం దాని చేత్తో పెట్టినా తింటా. నీళ్ళు గొంతు దిగటంలా. నేనేం చేసేది?" అంది. మాస్టారు తల దించుకుని విన్నారు. కోటి మళ్ళీ మూగదైపోయింది. ఎండాకాలం రాకముందే దాన్ని పిడుగురాళ్ళలో మేనమామ ఇంట్లో వదిలిపెట్టారు. కొన్నాళ్ళు కళ్ళకు దూరంగా ఉంటే ఇద్దరికీ సర్దుకుంటుందని పెద్దవాళ్ళు తేల్చారు.

సెలవుల్లో మాస్టారు నన్ను తోడు తీసుకుని పిడుగురాళ్ళ వెళ్ళారు. సున్నపు బట్టీల పక్కన రేకుల ఇళ్ళు. చెట్లూ, గోడలూ, మేకలూ, మనుషుల కనురెప్పలూ అన్నీ తెల్లగా పొడి పట్టి ఉన్నాయి. కోటి జుట్టు కూడా తెల్లబడి ముసలిదానిలా కనిపించింది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చి నిలబడింది. పిలిస్తే పలకలేదు. మాస్టారు సంచీలోంచి ఆ నోరు చిరిగిన బొమ్మ తీసి దాని చేతిలో పెట్టారు. తను తాత బొమ్మ తొడుక్కున్నారు. "ఏమ్మా, ఎవరి పాపవి?" అని అడిగారు, ఆ గొంతుతోనే. కోటి ఆ బొమ్మను కొత్త కవరు మడిచినట్టు జాగ్రత్తగా మడతల వెంబడే మడిచి, ఆయన చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఎంతసేపు కూర్చున్నా బయటికి రాలేదు.

తిరుగు బస్సు నరసరావుపేటలో ఆగింది. అక్కడ మాస్టారు, "నోరు తెరిపించటం ఒక్కటే నేర్చుకున్నాను అమ్మాయ్. ఆ తర్వాత ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు" అన్నారు. ఊరుకోబెట్టటానికి ఏదో అనబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆ తర్వాత ఆయన కవర్ల కట్ట మళ్ళీ బడికి తేలేదు. శనివారాలు కూడా ఎక్కాలే చెప్పించారు. పిల్లలు కొన్నాళ్ళు అడిగారు, తర్వాత మానేశారు. కొట్లలో ప్లాస్టిక్ కవర్లు వచ్చాక ఖాసింబీ గారి పని కూడా ఆగిపోయింది. జిగురు గిన్నె బోర్లించేశారు. నేను బీఈడీ చేసి, డీఎస్సీలో ఉద్యోగం వచ్చి బాపట్ల వైపు వెళ్ళిపోయాను. మాస్టారు రిటైరై చిలకలూరిపేటలో ఇంట్లోనే ఉండిపోయారు. ఎప్పుడు చూడటానికి వెళ్ళినా గడప దాటి వచ్చి పలకరించేవారు, కానీ ఆ మనిషి కాదు. ఆదిలక్ష్మి ఆ ఊళ్ళోనే కూలికి పోతూ ఒక్కతీ ఉండేది. కూతురు గురించి అడిగితే "బాగానే ఉందంట" అనేది.

చాలా ఏళ్ళు గడిచాక మాస్టారికి పక్షవాతం వచ్చింది. చూడటానికి వెళితే, మాట ముద్దగా వస్తున్నా కూడబలుక్కుని, "కోటిని ఒకసారి చూసి రామ్మా" అన్నారు. ఆ పై ఆదివారమే పిడుగురాళ్ళ వెళ్ళాను. కోటి పెద్దదైంది. బట్టీలో లోడింగు పని చేసే కుర్రాడితో పెళ్ళయింది, మూడేళ్ళ కొడుకు. నన్ను చూడగానే "టీచర్, మీరేనా" అని చెయ్యి పట్టుకుంది. ఆ గొంతు విని నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మామయ్య ఇంటికి వచ్చిన రెండో ఏడు మళ్ళీ మాట వచ్చిందట, ఎట్లా వచ్చిందో తనకే తెలియదట. చాప వేసింది. ఏసోబు గురించి అడిగింది, నా పెళ్ళి గురించి అడిగింది, నా కోపం తగ్గిందా అని నవ్వింది. ఎండన పడి వచ్చానేమో, దాహంగా ఉంది కాసిని నీళ్ళివ్వమ్మా అన్నాను. అలవాటుగా వచ్చేసింది మాట.

కోటి లేవలేదు. "కుండ ఆ మూలనుంది టీచర్. గ్లాసు మేకుకి ఉంది. మీరే ముంచుకోండి, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఎవరొచ్చినా అంతే" అంది మామూలుగా. నేను లేచి ముంచుకుని తాగాను. ఇంతలో పిల్లాడు ఆటలోంచి వచ్చి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని "అమ్మా, నీళ్ళు" అన్నాడు. కోటి వాడి తల నిమిరి, మొహం తుడిచి, గోడ అవతలికి కేకేసింది. "అత్తా, బాబుకి కాసిని నీళ్ళు పట్టిపో." పక్కింటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, ఏమీ అడగకుండా కుండలోంచి ముంచి వాడికి తాగించి వెళ్ళిపోయింది. రోజూ జరిగేదే అన్నట్టుంది ఆమె తీరు. కోటి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాడు తాగటం చూస్తూ కూర్చుంది.

మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చోగానే, "మాట్లాడిందా?" అన్నారు.

"బాగా మాట్లాడింది మాస్టారూ. నవ్వింది కూడా. కొడుకు పుట్టాడు, ముద్దుగా ఉన్నాడు."

ఆయన పెదవులు ఇంకా ఏదో అడగటానికి కదిలాయి. "నీళ్ళు..." అన్నారు, ఆగిపోయారు.

"తాగాను మాస్టారూ. వాళ్ళింట్లో నీళ్ళు తాగే వచ్చాను" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కంటి కొన నుంచి నీళ్ళు చెవి మీదికి జారాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మొహం తేటపడటం చూశాను. ఎవరు ముంచి ఇచ్చారని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆ వానాకాలంలోనే పోయారు.

నేను ఇప్పటికీ శనివారాలు మా బడిలో పిల్లల చేత, కొన్న గమ్ముతోనే, కవరు బొమ్మలు చేయిస్తాను. బొమ్మ మొహంలోకే చూస్తాను. తాగొచ్చి కొట్టే నాన్నల గురించి, వదిలేసి పోయిన అమ్మల గురించి, నోటితో చెప్పలేనివాటి గురించి ఆ కవర్లు చెబుతూనే ఉంటాయి. వింటాను. నాలుగు మంచి మాటలు చెబుతాను. ఎవరి గడపా తొక్కను, ఎవరికీ చెప్పను, భయం నాకు. ఆ పిల్లలు గంట కొట్టగానే బొమ్మలు నా బల్ల మీద పెట్టేసి ఆ ఇళ్ళకే వెళతారు. చెప్పి మాస్టారు ఒక పిల్లను పోగొట్టుకున్నారు. చెప్పకుండా నేను ఎంతమందిని పోగొట్టుకుంటున్నానో నాకు తెలియదు.